మానస చేతిలోని గుంజుడు

గద్వాల నేతపని కురుమూర్తి బిడ్డ మానసకు పళ్ల డాక్టరు చదువుల సీటొచ్చి హైదరాబాద్ పోయిందంటే వాడకట్టంతా సంబరపడ్డది. రెండో ఏడాదికి ఆ సంబరం మీద నీళ్లు పడేటట్టే ఉండె.

మనుషుల నోట్లె చెయ్యి పెట్టనిచ్చే ముందు ప్లాస్టిక్ పళ్ల మీద పరీక్ష ఉంటది. మరతోని పుచ్చు తొలిచి గుంత తియ్యాలె, పన్ను గోడ మాత్రం విరగొద్దు. మానస గుంత సక్కగనే తీస్తది. అంతా అయ్యి మర బయటికి తీసే యాళ్లకు గోడ టప్పుమని విరుగుతది. పదకొండు పళ్లు గట్లనే పోయినయి. చెయ్యి బరువున్నదని అన్నడు వెంకట్రాములు సారు. సోమవారం పరీక్షల కూడ గిట్లనే అయితే పేషెంట్ల దగ్గరికి పంపేది లేదు, ఏడాది మళ్ల మొదటికే అన్నడు.

ఆ శుక్రవారమే, రెండువేల తొమ్మిదిల, కాలేజీకి కంపెనీవాళ్లు ఒక కొత్త మిషను తెచ్చిండ్రు, చూపెట్టి తీస్కపోతందుకు. పిల్లలు పొద్దుగాల్నే లైను కట్టిండ్రు. మానస వంతొచ్చింది. నల్లద్దాలు పెట్టుకోంగనే తెర మీది పన్ను లేచొచ్చి ముక్కు ముందల నిలబడ్డది. ఎడమ చెయ్యి చాపితే ఉత్త గాలే. కానీ కుడిచేతిల ఉన్న మిషను కడ్డీ, పెన్ను లాంటిది, ఆనంగనే లేని పన్ను రాయి తీరు ఎదురు తగిలింది. పుచ్చు కాడికి జరిపితే నానిన బెల్లం తీరు మెత్తగ దిగింది. మానస కడ్డీ ఎనకకు తీసింది. ఇంకోసారి ఆనిచ్చింది, ఇంకోసారి.

"నీకొక్కదానికే తగిలితే ఎట్లనే, మాకు గూడ జర తగలనియ్యి" అన్నది లైన్ల వెనకున్న ప్రియ. అందరు నవ్విండ్రు.

ఆ కడ్డీతోనే గుంత తీస్తే ఆఖరుకు ఆ పన్ను గోడ కూడ విరిగింది. అయితే ఈ మిషను ఒకటి ఎక్కువ చేసింది. చెయ్యి ఎంత ఒత్తిందో తెర మీద గీతలెక్క గీసి చూపింది. గీత సాపుగ, పరిచిన పోగు తీరు పోయింది. చివరల మటుకు ఒక్క ముల్లు లేచింది. సారు వంగి చూసిండు.

"నీ చెయ్యి బరువు లేదమ్మా, అందరికంటె తేలిక. తీసే ముందల పక్కకు ఒక్క గుంజు గుంజుతున్నవు. ఎందుకు?"

"తెల్వదు సార్."

శనివారం రైలెక్కి ఇంటికొచ్చింది. ఇంట్ల తండ్రి మగ్గం మీద పాత పోగులకు కొత్త పోగులు అతుకుతుండు. తల్లి పెంటమ్మ కాలం చేసి రెండేండ్లు. మానస పోయి తల్లి కూసునే జాగల కూసున్నది. చిన్నప్పుడు తల్లి నేర్పినట్టే, పోగు జారకుండ వేళ్లకు బూడిద రాసుకున్నది, రెండు కొసలు కలిపి మెలేసింది, సటుక్కున ఒక్క గుంజు గుంజింది.

కురుమూర్తి తల ఎత్తకుండనే అన్నడు. "మీ అమ్మ గుంజినట్టే గుంజుతవు. అతుకు గుంజి చూస్తెగాని ఆమెకు నమ్మకం కుదరకపోయేది."

మానస చెయ్యి ఆడనే ఆగింది. ఆ ముల్లు ఏడిదో సమజైంది. గబగబ తండ్రికి అంతా చెప్పింది. నవ్వుతనే చెప్పింది, కండ్లు మాత్రం నిండినయి. ఆయన ఇంకో రెండు కొసలు బిడ్డ చేతిల పెట్టి ఉపాయం చెప్పిండు.

"నువ్వు అతికి చెయ్యి తీసెయ్యి. గుంజేది నేను గుంజుత."

ఆదివారమంతా గదే పని. బిడ్డ మెలేసుడు, చెయ్యి లేపుడు; తండ్రి గుంజుడు. మొదాల్ల పదిసార్లకు పదిసార్లు ఆమె వేళ్లే ముందల గుంజినయి. పొద్దుగూకేసరికి తండ్రి చేతికోసం ఆగవట్టినయి.

రాత్రి రైలుకే హైదరాబాద్ మళ్లింది. సోమవారం పరీక్షల గుంత తీసుడు అయింది. వేళ్లు గుంజనీకె ఎగిరినయి. మానస మనసుల తండ్రి చెయ్యి ముందటికొచ్చింది. మరను నిలువుగ, మెల్లగ లేపింది. సారు సన్న కడ్డీ పెట్టి గోడను అటు ఇటు ఒత్తి చూసిండు. అది కదలలేదు. ఇంకోసారి ఒత్తి, పుస్తకంల సంతకం పెట్టిండు.

మెట్లు దిగుతనే ఫోను చేసింది.

"నాయినా, గోడ నిలబడ్డది."

అటుదిక్కు మగ్గం చప్పుడు ఆగింది.

"మంచిగైంది బిడ్డ. ఆడ మానితివి. ఇంటికొచ్చినప్పుడు మాత్రం మీ అమ్మ తీరు గుంజు."