లంగాతో బంతి పట్టిన రోజులు

మా చిన్నప్పుడు... బళ్లో ఆటల సారు బంతిని నేల మీద దొర్లిస్తే మేమంతా ఒకే పని చేసేవాళ్లం. లంగా అంచు రెండు చేతులా పట్టుకుని, ముందుకు చాపి, గొంతుక్కూర్చునేవాళ్లం. బంతి దొర్లుకుంటూ వచ్చి ఒళ్లో పడేది. సారు తల పట్టుకునేవాడు.

మరి మాకు తెలిసిన పట్టడం అదే కదా... మా మామ చింతచెట్టెక్కి కొమ్మ ఊపితే కింద లంగాలు చాపి పట్టేది మేమే. ఒక్క కాయ నేలపాలు కానిచ్చేవాళ్లం కాదు. ఆ లెక్కన చూస్తే మాకు అప్పటికే బోలెడంత అనుభవం ఉన్నట్టు!

అనంతపురం జిల్లాలో యాడికి అనే ఊరికి దగ్గర పల్లెలో మా హైస్కూలు. మగపిల్లలకు క్రికెట్ ఉండేది, మాకు ఏమీ లేదు. కొత్తగా వచ్చిన పీఈటీ సారు ఒక సంచీ నిండా గ్లోవ్‌లు, బాగా బలిసిన చీనీకాయ... అదే, బత్తాయి కంటే కాస్త పెద్ద బంతులు తెచ్చి, ఆడపిల్లలకు సాఫ్ట్‌బాల్ నేర్పిస్తానన్నాడు. పేరులో ఉన్న మెత్తదనం బంతిలో లేదని మొదటి రోజే నా మోకాలికి తెలిసింది. అయినా ఆ ఆటంటే నాకు ప్రాణమైపోయింది... అన్నం తింటున్నా బంతే కళ్లముందు ఉండేది.

నేల మీద వచ్చే బంతిని ఆపడం చాలా తేలికని సారు చెప్పేవాడు. కాళ్లు ఎడంగా పెట్టాలి, మోకాళ్లు వంచాలి, గ్లోవ్ నేలకు ఆనించాలి, రెండో చెయ్యి దాని మీద మూతలాగా పెట్టాలి. ఆయన చేసి చూపిస్తే నిజంగానే తేలిక. మా దగ్గరికి వచ్చేసరికి చేతులు లంగా మీదికి పోయేవి.

"అది చింతకాయ కాదు పాపా... గుడ్డతో పడితే చెల్లదు" అని రోజూ మొత్తుకునేవాడు.

చివరికి, శనగచేలో కలుపు తీసేవాళ్లలాగా లంగాలు పైకెత్తి నడుములో దోపుకోమన్నాడు. అప్పుడు ఇంకా అన్యాయం అయిపోయింది. అంచు కోసం చేతులు గాల్లో వెతుక్కుంటుంటే, బంతి కాళ్ల మధ్య నుంచి దర్జాగా వెళ్లిపోయేది. మా నేల సంగతి తెలుసుగా... వానల్లేక బండలా గట్టిపడి ఉండేది. వదిలేసిన బంతి కిందున్న వంకదాకా ఆగేది కాదు. వదిలినవాళ్లే పోయి తేవాలి. వంకలో ఎటూ నీళ్లుండవు కాబట్టి బంతి తడిసేది కాదు, అదొక్కటే మా అదృష్టం.

ఇంతలో అనంతపురంలో పోటీలన్నారు. అందరికీ ట్రాక్ ప్యాంట్లు తప్పనిసరి. మా ఇంట్లో యుద్ధం మొదలైంది. మా అవ్వ మంచం దిగి బడిదాకా వచ్చి, ఆడపిల్ల ప్యాంటేసుకుని నలుగురి ముందర వంగడమేమిటని సారునే నిలదీసింది. సారు బతిమాలితే ఒక షరతు పెట్టింది. పిల్లలకు తోడుగా తనూ వస్తుంది.

"నా కండ్లకు బాగలేకపోతే ఆడికాడికే ఆట బందు" అంది.

సారు తెచ్చిన ప్యాంట్లు ఎవరో పెద్ద పిల్లలవి. ఒక్కో కాలులో నేనూ, నా స్నేహితురాలు సుంకమ్మా ఇద్దరం దూరగలం. నాడా బిగించుకుని మైదానంలో దిగాం. గట్టు మీద కొంగు నెత్తిన కప్పుకుని మా అవ్వ... బంతి కంటే నాకు ఆమె చూపంటేనే ఎక్కువ భయమేసింది.

ఆట చివరికొచ్చింది. ఇంకొక్కరు ఔటైతే మేమే గెలుస్తాం. సరిగ్గా అప్పుడు బంతి నేల రాసుకుంటూ నా వైపు వచ్చింది. సారు చెప్పినవన్నీ గుర్తున్నాయి... ఒక్క చేతులకే గుర్తులేదు. గ్లోవ్ ఎప్పుడు ఊడిపోయిందో తెలియదు. మోకాళ్ల దగ్గర వేలాడుతున్న ప్యాంటు గుడ్డ రెండు చేతులా పట్టి చాపేశాను. బంతి వచ్చి బుద్ధిగా అందులో పడింది. తీసి ఫస్ట్ బేసు దగ్గరున్న మా పిల్లకు విసిరాను, బంతి కొట్టిన పిల్ల అక్కడికి చేరకముందే ఔట్. మేమంతా గంతులు!

అంపైరు చెయ్యి అడ్డంగా ఊపాడు. గుడ్డతో పట్టింది చెల్లదన్నాడు. బేసుల మీదున్న అవతలి జట్టు పిల్లలు హోమ్ ప్లేటుకు చేరి పరుగులు తీసేశారు. మేం ఓడిపోయాం. నేను అక్కడే కూలబడి ఏడ్చాను.

తలెత్తి చూస్తే మా అవ్వ మైదానం మధ్యలో ఉంది... అంపైరు ముందు.

"ఏమప్పా, పాప పట్టిందా లేదా? కింద పడనిచ్చిందా? మరి యాడ తప్పు చేసిందో చెప్పు."

అంపైరు నిబంధన చెప్పాడు. అవ్వ ఇంకోసారి చెప్పమంది. సారు వచ్చి చేతులు జోడించి ఆమెను గట్టు మీదికి తీసుకుపోయాడు.

తిరుగు బస్సులో అవ్వ నా పక్కనే కూర్చుంది. తాడిపత్రి దాటాం. ఆమె పెట్టిన షరతు గుర్తొచ్చి, నా ఆట అయిపోయిందనుకున్నాను. ఆమె మాత్రం నా ప్యాంటు గుడ్డను వేళ్లతో పట్టి లాగుతూ, వదులుతూ ఏదో చూస్తోంది. చివరికి ముందు సీట్లో ఉన్న సారును పిలిచింది.

"సారూ, ఈ గుడ్డ శానా ఎక్కువుండాది. బిగుతుగా కుట్టియ్యి. పట్టుకోనీకి ఏమీ దొరక్కపోతే పాప బంతే పట్టుకుంటాది."

ఇప్పుడు ఆదివారాలు పొద్దున్నే మా ఊరి పిల్లలకు నేనే సాఫ్ట్‌బాల్ నేర్పిస్తున్నాను. ఒంటికంటుకున్నట్టుండే ప్యాంట్లలో వస్తారు, గ్లోవ్ నేలకు ఆనించమంటే ఆనిస్తారు. వాళ్లకు చింతపండంటే అంగడి పొట్లమే. లంగా చాపి ఎరగరు... నేర్పడం ఎంత సులువైపోయిందో! కానీ ఒక్కోసారి బంతి రాయికి తగిలి నా మీదికి ఎగిరితే, నా చేతులు ఇప్పటికీ చీర కుచ్చిళ్ల మీదికే పోతాయి. పిల్లలు పడీపడీ నవ్వుతారు. గట్టు మీద మా అవ్వ ఉంటే వాళ్లకు ఏమని సమాధానం చెప్పేదో అనిపిస్తుంది...

మీ చేతులు కూడా ఇంకా మరిచిపోని పాత అలవాటేదైనా ఉందా? ఉంటే కింద రాయండి, చదివి నవ్వుకుంటాం.