స్టారుకు కట్టిన గూడు

ఫిబ్రవరి వచ్చినా మా వరండాలో క్రిస్మస్ స్టారు వేలాడుతూనే ఉంది. భక్తి ఎక్కువై కాదు, దింపే ఓపిక లేక. పొద్దున్నే వంట చేసి, మా ఆయన పనులన్నీ చూసి, తిరువూరు బస్టాండుకు పరిగెత్తి, రెడ్డిగూడెం బడిలో రోజంతా పిల్లలతో గొంతు చించుకుని, సాయంత్రం బస్సులో నిలబడి తిరిగొచ్చే మనిషికి స్టూలెక్కే సరదా ఎక్కడిది? కాగితం వెలిసిపోయింది, ఒక మూల చిరిగింది. ఉండనీ, నా మొహం కంటే నయమే అనుకునేదాన్ని.

మా ఆయనకు పోయిన వేసవిలో పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. కాలు కొంత తిరిగొచ్చింది. కర్ర పట్టుకుని వరండా దాకా నడవమని డాక్టరుగారు చెబుతూనే ఉన్నారు. ఈయన వింటేగా! ఒకప్పుడు వీధంతా వినపడేలా మాట్లాడిన మనిషి, ఇప్పుడు మాట ముద్దగా వస్తోందని, మూతి వంకరపోయిందని, ఎవరి కంటా పడనని భీష్మించుకు కూర్చున్నారు. లోపలి గదిలోనే తిండి, అక్కడే అలక. ఇలాగే మంచానికి అతుక్కుపోతే ఆ వచ్చిన కాలు కూడా బిగుసుకుపోతుందని డాక్టరుగారు నాతో విడిగా అన్నారు. బస్సులో ఉన్నా, బడిలో ఉన్నా ఆ మాటే నన్ను తినేస్తూ ఉండేది.

ఒక సాయంత్రం చెప్పులు విప్పే ఓపిక కూడా లేక వరండా మెట్టు మీద కూలబడ్డాను. ఏదో చిన్న పిట్ట వచ్చి స్టారు వైరు మీద వాలింది. బొటనవేలంత ఒళ్ళు, పొట్ట పసుపు, ముక్కు వంకర. ఆ ముక్కున సాలెగూటి పోగొకటి. దాన్ని వైరుకు చుట్టి తుర్రుమంది. తేనెపిట్ట! ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. మళ్ళీ వచ్చింది, ఈసారి ఎండుటాకు ముక్కతో. మర్నాడు పత్తి తెచ్చింది. పత్తి ట్రాక్టర్లు వెళ్ళినప్పుడల్లా మా గోడకు అంటుకునేది, నేను తిట్టుకుంటూ ఊడ్చేది, అదే పత్తి. మగపిట్ట మాత్రం నల్లగా నిగనిగలాడుతూ ఎదురింటి మందార మీద కూర్చుని కూతలు పెట్టడమే తప్ప ఒక్క పుల్ల తెచ్చిన పాపాన పోలేదు.

"నీకూ మా ఆయనలాంటి మొగుడే దొరికాడే తల్లీ" అన్నాను ఆడపిట్టతో. ఎన్నాళ్ళకో నాకు నవ్వొచ్చింది.

ఆ తర్వాత బస్సు కిటికీలోంచి కూడా చూడటం మొదలుపెట్టాను. మామిడితోట కంచె మీద పాలపిట్ట, దుక్కి దున్నే ట్రాక్టరు వెనకాల కొంగల గుంపు. ఒక్కోటీ కనపడుతుంటే చిన్నపిల్లలా సంబరపడిపోయేదాన్ని. ఆ సంబరం ఆయనతో పంచుకోవాలని ఆశ.

"ఏమండీ, స్టారుకు తేనెపిట్ట గూడు కట్టిందండీ. ఒక్కసారి వచ్చి చూడండి."

"పిట్ట పేరు చెప్పి... నన్ను ఊరేగిస్తావా?" అని గోడవైపు తిరిగారు.

నాకు ఒళ్ళు మండింది. ఇంకో రెండుసార్లు అడిగి మానేశాను. ఈలోగా బడిలో పరీక్షలు, పేపర్లు దిద్దడాలు వచ్చిపడ్డాయి. గూడు వైపు చూసే తీరిక కూడా పోయింది.

ఈస్టరుకు ముందు క్రీస్తు శ్రమలను తలుచుకునే లెంటు రోజుల్లో మా సంఘంవాళ్ళు ఇంటింటా ప్రార్థన కూడికలు పెడతారు. ఒక శుక్రవారం సాయంత్రం మా వంతు వచ్చింది. చాపలు పరిచి, టీ పెట్టాను. పాస్టరమ్మగారు గుమ్మంలోనే ఆగి పైకి చూశారు.

"అయ్యో, శ్రమల కాలంలో ఇంకా క్రిస్మస్ స్టారేంటి టీచరుగారూ?"

సిగ్గుతో చచ్చిపోయాను. "తీరిక లేకండీ..." అని నసుగుతుండగానే సంఘపెద్ద ఒకాయన సాయం చేద్దామని స్టూలు లాక్కుని ఎక్కేశారు. "ఎంతసేపండీ, ఒక్క లాగు లాగితే సరి" అంటూ వైరు పట్టుకున్నారు. గూడుందని చెప్పబోయాను. ఈపాటికి ఖాళీ అయిపోయి ఉంటుందిలే, ఇంతమందిలో వాదనెందుకు అని ఊరుకున్నాను. ఆ పూట దేనికైనా సరేననడమే నాకు తేలికగా ఉంది.

"ఆగండి!"

మా ఆయన గొంతు. లుంగీ, బనియనుతో, ఎడమచేత కర్రతో గది గుమ్మంలో నిలబడి ఉన్నారు. అందరూ చూస్తుండగా కుడికాలు ఈడ్చుకుంటూ, చాపల మీదుగా వరండాలోకి వచ్చేశారు.

"ముట్టుకోకండి. పిల్లలున్నాయి... రెండు. నిన్నటి నుంచీ తలలు బయట పెడుతున్నాయి. మగది కూడా... మేత తెస్తోంది."

పెద్దాయన వైరు వదిలేసి గబగబా దిగారు. "దేవునికి స్తోత్రం" అన్నారు పాస్టరమ్మగారు. పిట్టపిల్లల గురించో, మా ఆయన గురించో తెలియలేదు. ఎవరో కుర్చీ వేస్తే ఆయన కూర్చున్నారు. కూడిక ఆ స్టారు కిందే జరిగింది.

నేను కళ్ళు మూసుకున్నానే గానీ నా మనసు ప్రార్థన మీద లేదు. మగపిట్ట మేత తెస్తోందని ఈయనకెలా తెలుసు? నేను బడికి వెళ్ళాక వరండాలోకి వచ్చి కూర్చుంటున్నారన్నమాట! సంతోషంతో పాటు కోపం కూడా ముంచుకొచ్చింది.

అందరూ వెళ్ళాక నిలదీశాను. "వరండా దాకా నడుస్తూ కూడా నాకెందుకు చెప్పలేదు? కంచం కూడా మంచం దగ్గరికే తెప్పించుకున్నారే! నా నడుం విరిగిపోతోందని తెలియదా మీకు?"

ఆయన కర్రను కుర్చీకి ఆనించారు.

"నడుస్తున్నానని తెలిస్తే... కంచం బల్ల మీద పెట్టేసి పోతావు. ఇప్పుడైతే నేను తినేదాకా... పక్కన కూర్చుంటావు. రోజు మొత్తంలో... నువ్వు కూర్చునేది అప్పుడేగా."

వంటింట్లోకి వెళ్దామని లేచినదాన్ని, మళ్ళీ కూర్చున్నాను.