మూఢం వెళ్లాక బిగిద్దామన్నారు

మా అక్క భర్త, మా బావగారు ఇక లేరు. పోయిన నెల రాజమండ్రిలో తన ఇంట్లోనే, పొద్దున జపానికి కూర్చున్నవారు మళ్లీ లేవలేదు. అక్క ఫోన్ చేసి "మీ బావగారు పలకడం లేదురా" అంది. నేను వెళ్లేసరికే అంతా అయిపోయింది. ఊళ్లో ఆయన్ని పెళ్లిళ్లు చేయించే పురోహితుడిగానే ఎరుగుదురు. నాతో కూర్చుని కంప్యూటర్లో కారు పందేలు ఆడేవారని చాలామందికి తెలియదు. అందుకే ఈ నాలుగు మాటలు.

గొప్పగా ఆడేవారని అనను. మలుపు వస్తే కారుతోపాటు తనూ పక్కకి ఒరిగేవారు. ఓడితే మాత్రం ఒప్పుకునేవారు కాదు. "నేను ఓడలేదోయ్, నీ కంప్యూటర్ ఆగింది" అనేవారు. నిజంగా ఆగేది కూడా. తెరను రెండు సగాలు చేసి ఇద్దరం ఆడితే ఆ పాత డబ్బా మోయలేక బొమ్మ బిగుసుకుపోయేది.

ఒక్క పందెమైనా అడ్డు లేకుండా ఇద్దరం పూర్తిచేయాలని, విడిభాగాలు తెప్పించి కొత్త కంప్యూటర్ బిగించుకుందామనుకున్నాం. నాకు ఆర్భాటం ఎక్కువ. అన్నిటికన్నా పెద్ద గ్రాఫిక్స్ కార్డు కొని, మిగతావి పాతవే ఉంచుదామన్నాను. ఆయన జాతకాలు చూసే కళ్లజోడు పెట్టుకుని వివరాలన్నీ చదివారు.

"పొంతన చూసుకోవద్దటోయ్? నీ కార్డు బొమ్మలు గీయడానికి సిద్ధంగా కూర్చుంటుంది. ప్రాసెసరేమో పని అందించలేక ఆయాసపడుతుంది. ఈ సంబంధం వద్దు."

మానిటర్ చూపించగలిగినంత వేగానికి సరిపోయే కార్డునే ఎంచారు. ర్యామ్ ఒకే పెద్ద ముక్క కాకుండా రెండు చిన్నవి జంటగా తెప్పించారు. పవర్ సప్లై చవకది చాలన్నందుకు "అందరికీ వండిపెట్టేదాన్నే పస్తు పెడతావా?" అని విసుక్కున్నారు.

చివరి పెట్టె వచ్చేసరికి మూఢం మొదలైంది. ఆ రోజుల్లో పెళ్లిళ్లుండవు, ఆయనకు తీరికే తీరిక. నేను స్క్రూడ్రైవర్ పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను.

"మూఢంలో కొత్తది మొదలెడతామేంటోయ్? వెళ్లనీ, మంచిరోజు చూసి బిగిద్దాం" అన్నారు. ఊరందరికీ ముహూర్తాలు పెట్టే మనిషికి ఎదురు చెప్పేదెవరు? పెట్టెలు మంచం కిందికి చేరాయి. మూఢం వెళ్లకముందే ఆయన వెళ్లిపోయారు. ఆ పంచాంగాన్ని చూస్తేనే నాకు ఒళ్లు మండుతోంది.

కర్మలన్నీ అయ్యాక అక్కే ఆ పెట్టెలు ఈడ్చుకొచ్చి నా ముందు పెట్టింది.

"ఇంకా మూఢమేనక్కా" అన్నాను.

"అయితే ఏంటి? ఇవాళే బిగించు."

బిగించాను. ఆయన కుదిర్చిన సంబంధం కదా, ఏ భాగమూ పేచీ పెట్టలేదు. అలవాటుకొద్దీ ఆటను ఇద్దరికని తెరిచాను. నా సగంలో కారు ఎక్కడా తడబడకుండా ఒక చుట్టు తిరిగి వచ్చింది. పక్క సగంలో ఆయన కారు బయలుదేరే గీత దగ్గరే నిలబడి ఉంది.

అక్క గుమ్మంలోంచి చూసి "అదేంటిరా, మళ్లీ ఆగిపోయిందా?" అంది.

"లేదక్కా. బాగానే నడుస్తోంది."

ఆ సగంలో జెండాలు ఎగురుతున్నాయి. దారి పక్క చెట్ల ఆకులు సన్నగా కదులుతున్నాయి. కారు ఇంజను ఆడుతూనే ఉంది.