గాజు కరిగించినవాడి కథ

మా అక్క భర్తని నేను బావా అనేవాణ్ణి, ఆయనా నన్ను బావా అనేవాడు. అచ్యుతాపురం దగ్గర, ఇసుక అచ్చుల్లో ఇనుము పోతపోసే ఒక చిన్న ఫౌండ్రీలో పద్నాలుగేళ్లు కొలిమి దగ్గర పనిచేశాడు. దగ్గు మొదలైతే క్షయ అన్నారు. ఆర్నెల్లు మాత్రలు మింగాక, క్షయ కాదు, ఇసుక ధూళికి ఊపిరితిత్తులు గట్టిపడ్డాయన్నారు. మందు లేదన్నారు. ఫౌండ్రీవాళ్లు ఇక రావద్దన్నారు.

ఉక్కునగరంలో, స్టీల్‌ప్లాంటులో పనిచేసే నా భార్యకిచ్చిన క్వార్టర్‌కి ఆయన్నీ అక్కనీ తెచ్చుకున్నాం. నేను ఇంటర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. అప్పుడు పిల్లల కోసం ఒక పాతకాలపు జర్మనీ శాస్త్రవేత్త కథ రాస్తున్నాను. చిన్నతనంలోనే తల్లీతండ్రీ పోయి, అద్దాలు చేసేవాడి దగ్గర పనికి కుదిరి, ఆ ఇల్లు కూలితే శిథిలాల కిందనుంచి బతికి బయటపడ్డవాడు. పెద్దయ్యాక మచ్చలేని గాజు కరిగించి కటకాలు చేశాడు. ఎండని రంగులుగా విడదీసి, వాటి మధ్య సన్నని నల్లగీతలు లెక్కపెట్టాడు.

సాయంత్రాలు బావకి చదివి వినిపించేవాణ్ణి. ‘కరిగిన గాజు నీళ్లలా కదిలింది’ అని చదవగానే ఆపాడు.

"నువ్వు సూసినావేటి?"

"లేదు బావా."

"నానూ గాజు సూడ్లేదు గాని, కరిగిందేదైనా బరువుగా కదులుతాది. కొలిమికాడ మడిసి రంగే సూత్తాడు. రంగుని బట్టి కొలిమి ఏడి ఎంతో తెలుస్తాది."

ఆ వాక్యం కొట్టేశాను. వెలుగు రంగుల్లో గీతల్ని బట్టే ఏ లోహం మండుతోందో తరవాతివాళ్లు కనిపెట్టారని చెప్పాను.

"ఐతే మావోడే," అన్నాడు. ఆ నెలల్లో ఆయన ముఖం విప్పారడం అదొక్కసారే చూశాను.

మరునాడు, చివరికి ఆ శాస్త్రవేత్త ఏమయ్యాడని బావ అడిగాడు. ముసలితనంలో చనిపోయాడన్నాను.

వారం తరవాత కాలేజీ నుంచి వచ్చేసరికి నా చివరి అధ్యాయం కాగితాలు బావ ఒళ్లో ఉన్నాయి. ముప్పై తొమ్మిదేళ్లకే ఛాతీ జబ్బుతో పోయాడనీ, కొలిమి పొగ పీల్చే గాజు పనివాళ్లు ఆ రోజుల్లో ఎక్కువకాలం బతికేవారు కాదనీ అందులో రాశాను.

"నాకంటే సిన్నోడే," అన్నాడు. బావకి నలభై నాలుగు. ఊపిరి కూడదీసుకోడానికి ఆగి, "ఆ పొగ తినేత్తాదని ఆడికి తెలుసా?" అన్నాడు.

"తెలీదనుకుంటాను."

"నాకు తెలుసు బావా. మొదటేడాదే తెలుసు. మాస్కు అడిగితే తువ్వాలు కట్టుకోమన్నారు. కట్టుకున్నాను."

అబద్ధం ఎందుకు చెప్పావని అడగలేదు. మళ్లీ చదవమనీ అడగలేదు. బావ ఆ వానాకాలం దాటలేదు.

పుస్తకం అచ్చుకిచ్చాను. పిల్లలకి చావు ఎందుకు, వెలుగుతో ముగించండి అన్నారు ప్రచురణవాళ్లు. వాదించే ఓపిక లేక అలాగే ముగించాను. అచ్చయిన ప్రతిని ఇప్పటికీ విప్పి చూడలేదు.

అక్క ఆ ఫౌండ్రీలోనే ఇసుక ఊడ్చే పనికి చేరింది. వద్దని బతిమాలాను.

"మరేటి సెయ్యమంటావురా? నాకు మరో పని ఎవులిత్తారు?"

ఎంతమందిని అడిగినా నేను చూపించలేకపోయాను. అచ్యుతాపురంలోనే గది తీసుకుంది. ఆదివారాలు వస్తుంది. ఈమధ్య మా మెట్లెక్కి వచ్చాక దగ్గు, ఆయాసం తీరేదాకా గుమ్మం పట్టుకుని నిలబడుతోంది.