బేస్తవారం నీళ్లు

నేను బీకాం చదివింది ప్రొద్దుటూరులో. మా ఊరు ముద్దనూరుకూ జమ్మలమడుగుకూ మధ్యలో ఉంటుంది. పొద్దున్నే జమ్మలమడుగు చేరి, అక్కడ ఇంకో బస్సెక్కి కాలేజీకి పోయేవాణ్ణి. మిగతా పేపర్లలో అంతంత మాత్రంగా ఉన్న నేను బిజినెస్ లా దగ్గరికి వచ్చేసరికి రెచ్చిపోయాను. ప్రతిపాదన, అంగీకారం, ప్రతిఫలం. ఈ మూడు మాటలు నోటికి రాగానే లోకమంతా నా చేతికి వచ్చినట్టు అనిపించింది. హోటల్లో టీ చెప్పి ఇది ప్రతిపాదన అనేవాణ్ణి. కండక్టరు టికెట్టు చేతికివ్వగానే ఒప్పందం పూర్తయిందనేవాణ్ణి. స్నేహితులు లాయరు సారూ అని పిలిస్తే అది వెక్కిరింత అని కూడా తెలియనంత పొగరు.

మా చేలో మా తాత తవ్వించిన బావి ఒకటి ఉంది. గట్టు దాటితే ఒక చిన్న రైతు పొలం, రెండెకరాల లోపే. వాళ్లది దొరల మిషను రోజుల నుంచీ క్రైస్తవ కుటుంబం. వారంలో ఒక రోజు మా బావి నీళ్లు ఆయనవి. ఆదివారం చర్చికి పోతారు గనక ఆ రోజు వద్దని తాత కాలంలోనే బేస్తవారం ఖాయం చేశారట. కాగితం ఏమీ లేదు. బేస్తవారం కరెంటు రాగానే ఆయన వచ్చి మోటరు వేసుకుని కాలువ తన పొలంలోకి తిప్పుకునేవాడు. ఆ రోజు మన మడి తడపాలన్న ఆలోచన మా ఇంట్లో ఎవరికీ వచ్చేది కాదు. నేను ఆయన్ని మామా అని పిలిచేవాణ్ణి. చిన్నప్పుడు ఆ కాలువలో ఆడుకుంటుంటే చెప్పులు కొట్టుకుపోకుండా పట్టిచ్చేవాడు.

ఆయన తన పొలంలో నలభై చీనీ మొక్కలు, అదే బత్తాయి, పెట్టాడు. అవి నాలుగో ఏట పడ్డాయి. ఇంకొక్క ఏడు ఆగితే కాపు. పిల్లల సంగతి అడిగినా చెట్ల సంగతే చెప్పేవాడు.

నేను రెండో ఏడు చదువుతున్నప్పుడు వానలు మొహం చాటేశాయి. బావిలో నీళ్లు అడుగంటాయి. మా నాయన ఆ ఏడే అరిటి పెట్టి ఉన్నాడు. తాత పోయి అప్పటికి రెండేళ్లు. బేస్తవారం ఆపేద్దామని మా నాయనకు మనసులో ఉంది గానీ, తన తండ్రి ఇచ్చిన మాట అడ్డం వస్తోంది. ఒక సాయంత్రం బస్సు దిగి ఇంటికి రాగానే నన్ను కూర్చోబెట్టి అడిగాడు.

"అదేదో చట్టం సదువుతాండావు గదా. మీ తాత వట్టి నోటితో చెప్పిన మాట చెల్లుతాదా?"

నన్ను మా నాయన సలహా అడగడం అదే మొదటిసారి. నాకు ఒళ్లు తెలియలేదు. సంచిలోంచి గైడు తీసి, ప్రతిఫలం లేని ఒప్పందం చెల్లదు అన్న వాక్యం మీద వేలు పెట్టి చూపించాను. అతను మనకేమీ ఇవ్వలేదు, కాబట్టి అది వట్టి మాటే అని తేల్చేశాను. మా నాయన గైడు చేతిలోకి తీసుకుని ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాడు. ఆయన ముఖంలో బరువు దిగిన తీరు చూసి నాకు గర్వంగా అనిపించింది.

మరుసటి రోజు పక్క పొలం ఆయన్ని పిలిపించారు. మా అరుగు మీద కూర్చోమన్నా కూర్చోలేదు. విషయం మా నాయన చెప్పలేక నా వైపు చూశాడు. నేను గైడు తెరిచి, క్లాసులో సారు చదివినట్టు చదివి వినిపించాను. ఎప్పుడూ మామా అనేవాణ్ణి ఆ పొద్దు ఏమీ పిలవకుండానే మాట్లాడాను.

ఆయన నిదానంగా విన్నాడు. తర్వాత ఒకటే మాట అన్నాడు. "మీ తాత రమ్మంటేనే మా నాయన వచ్చి ఎండాకాలమంతా ఆ బావిలో రాయి కొట్నాడప్పా. కూలి తీసుకోల్యా. దానికే ఈ నీళ్లు."

గైడులో అంతవరకు నేను చదవలేదు. తెలియదని ఒప్పుకుంటే పరువు పోతుందనుకుని, అప్పటికప్పుడు చట్టాన్ని నేనే తయారు చేశాను. అది ఎప్పుడో అయిపోయిన పని, దానికి విలువ లేదన్నాను. పైగా కష్టం చేసింది మీ నాయన, నువ్వు కాదు గదా అన్నాను. ఇంత ధీమాగా చెప్పేసరికి అది నిజమేనని నాకే అనిపించింది.

ఆయన మా నాయన వైపు ఒకసారి చూశాడు. మా నాయన నేల చూపులు చూశాడు. "సరేప్పా, సదువుకున్నోడివి," అని నాతో అని వెళ్లిపోయాడు. ఆ బేస్తవారం మోటరు మా నాయనే వేశాడు.

ఇంతవరకు చెప్పింది తెలివితక్కువతనం. సిగ్గుపడాల్సింది ఈ తర్వాతది. పరీక్షలకు పది రోజులుందనగా అదే పాఠం మళ్లీ తీశాను. నేను వేలు పెట్టి చూపించిన వాక్యానికి సరిగ్గా రెండు పేజీల తర్వాత ఉంది. మాట ఇచ్చినవాడు కోరితే ముందే చేసిన పని కూడా ప్రతిఫలమే. ఆ పని మాట పుచ్చుకున్నవాడే చేయనక్కర లేదు, ఇంకెవరు చేసినా చాలు. నేను అరుగు మీద చెప్పిన రెండు మాటలూ ఒకదాని కింద ఒకటి తప్పని అచ్చులో ఉన్నాయి. ఇంట్లో ఎవరూ చూడటం లేదు కదా అని చుట్టూ చూసి పుస్తకం మూసేశాను.

అప్పటికి ఆయన చెట్లు చావలేదు. ఆకు ముడుచుకుంది, అంతే. ఊరికి దూరంగా ఉన్న కుంట నుంచి బిందెలతో తెచ్చి, భార్యాభర్తలిద్దరూ పాదుకు ఇన్ని పోస్తున్నారు. నేను బస్సుకు పోతూ రోజూ చూసేవాణ్ణి. మా నాయనతో ఒక్క మాట చెబితే చాలు. చెబితే నేను చదివింది సగమేనని బయటపడుతుంది. పరీక్షలు కానీ, చెబుదాం అనుకున్నాను. పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది. రెండు పేజీలు నింపాను, ఒక్క తప్పు లేకుండా. ఆ పేపర్లో మా క్లాసులో నావే ఎక్కువ మార్కులు. మా నాయన ఆ మార్కుల కాగితం నలుగురికీ చూపించాడు. అప్పటికి చెట్లు పుల్లలయ్యాయి. ఆయన వాటిని నరికి కట్టెలకు వేసి, సంసారంతో ఊరు విడిచిపోయాడు.

నేనిప్పుడు ప్రొద్దుటూరులో కామర్స్ చెప్పే మాస్టరును. ప్రతిఫలం పాఠం ఏటా చెబుతాను. ఉదాహరణకు గైడులో ఉన్నవే వాడతాను, బావి సంగతి మాత్రం ఎత్తను. మొన్నొక రోజు పని మీద పులివెందులకు పోతూ, రోడ్డు పక్క చీనీ తోటలో పార పట్టుకుని పాదులు సరిచేస్తున్న మనిషిని చూసి బండి ఆపాను. ఆయనే. జుట్టు నెరిసింది. ఎవరిదో తోట, కాపలాకూ పనికీ ఉన్నాడట. నన్ను వెంటనే గుర్తుపట్టి మా నాయన బాగున్నాడా అని అడిగాడు.

ఇన్నేళ్లు దాచుకున్నది అక్కడ నిలబడి చెప్పేశాను. ఆ పొద్దు నేను చెప్పింది తప్పు మామా, చట్టం నీ పక్కనే ఉండె, పరీక్షలకు ముందే నాకు తెలిసింది, నోరు తెరవలేదు అన్నాను. క్షమించు అనే మాట ఎలా అనాలో తెలియక అక్కడే ఆగిపోయాను.

ఆయన పార మీద చేతులు ఆనించాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నీకు తెలిసేటప్పటికి చెట్లు బతికుండెనా?" అని అడిగాడు.

"ఉండె మామా," అన్నాను.

ఆయన తల ఊపాడు. నా వైపు మళ్లీ చూడలేదు. పారతో గట్టు తెంచి నీళ్లను పక్క పాదులోకి మళ్లించాడు.