ఫకీరవ్వ పొట్ట మీది సంచి

ఫకీరవ్వ ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన తొమ్మిదో రోజున నేను మొదటిసారి ఆ సంచిని చూశాను. చూసి, గబగబా గడప దాటి, గోడవారన డోక్కున్నాను. ఈ మాట చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే. కాని ఆమె సంగతి చెప్పాలంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

గదగ్ పక్కన బెటగేరిలో మేమిద్దరం పదకొండేళ్ళు పక్కపక్క పొయ్యిల ముందు కూర్చుని జొన్న రొట్టెలు చేశాం. పని నేర్పింది ఆమే. ఆమె అరచేతి కింద పిండి ముద్ద తిరుగుతూ తిరుగుతూ పీట నిండా పరుచుకునేది. అంచు ఒక్కచోట కూడా చిట్లేది కాదు. బస్టాండు దగ్గర కళకప్ప నడిపే భోజనశాలకు రోజూ మా రొట్టెలే వెళ్ళేవి. శుభ్రం విషయంలో మాత్రం ఆమెతో వేగడం కష్టం. నా కొంగు పిండికి తగిలిందంటే, "ఏయ్ ద్యామీ, దాంతోనే కదే ఇందాక ముక్కు తుడుచుకున్నావు!" అని ఆ ముద్ద తీసి గేదె తొట్టిలో విసిరేసేది.

అలాంటి మనిషికి, యాభై రెండేళ్ళ వయసులో, మలద్వారం దగ్గర గడ్డ లేచింది. హుబ్బళ్ళిలో ఆపరేషను చేసి, కింది దారి పూర్తిగా కుట్టేసి, పేగు కొసను పొట్ట మీద ఎడమవైపు బయటికి తీశారు. ఎర్రగా, తడిగా, చిన్న టమాటాలా ఉండేది. దాని చుట్టూ అతికించిన సంచిలోకే ఇక జీవితాంతం దొడ్డికి. ఆపుకోవడమన్నది లేదు. పేగుకి ఎప్పుడు తోస్తే అప్పుడే.

ఆ రోజు నేను నోరు కడుక్కుని లోపలికి వెళ్తే ఆమె గోడ వైపు తిరిగి పడుకుని ఉంది.

"నువ్వు కక్కావని నాకేం కోపం లేదే," అంది. "నేనూ మొదటిరోజు కక్కాను. నువ్వు బయటికి పరిగెత్తావు. నేనెక్కడికి పరిగెత్తను?"

మూడు నెలలు గడిచాక మళ్ళీ పొయ్యి ముందు కూర్చుంది. డాక్టరు సరేనన్నాడు. మొదటి రోజే కొంప మునిగింది. నేల మీద కూర్చుని ముందుకు వంగి తడుతుంటే సంచి నలిగింది. పొయ్యి సెగకు పట్టిన చెమటకి జిగురు వదిలింది. కాలుతున్న జొన్నల కమ్మటి వాసనలోకి ఇంకో వాసన వచ్చి కలిసింది. నేను తల ఎత్తలేదు. ఆమె చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని లేచి, వంగినట్టే పెరట్లోకి వెళ్ళింది. చాలాసేపటికి తడిసిన తలతో తిరిగి వచ్చి, అప్పటిదాకా చేసిన రొట్టెలన్నీ బుట్టతో సహా తీసుకెళ్ళి పెంటకుప్ప మీద పోసింది. వాటికి ఏమీ అంటలేదు. అంటలేదని ఆమెకీ తెలుసు.

వారం రోజులు అదే గోల. చర్మం ఒరిసి పుండైంది. ఆ పుండు మీద సంచి అతుక్కోదు, అతుక్కోకపోతే మళ్ళీ కారుతుంది. "ఛీ, పాడు బతుకు" అని రోజుకి ఎన్నిసార్లు అనేదో.

ఒక మధ్యాహ్నం వేడి రొట్టె మీద గుత్తివంకాయ కూర పెట్టి నాకు ఇచ్చింది. నాకు నోట్లో పెట్టబుద్ధి కాలేదు. ఇంటికెళ్ళి తింటానని కొంగు కింద దాచుకుని, పోతూ పోతూ గేదెకి పెట్టాను. ఆమె కిటికీలోంచి చూసిందని నాకు తెలియదు.

మర్నాడు పిండి జల్లిస్తూ అడిగింది. "గేదెకి కారం ఎక్కువైందటే?"

పదకొండేళ్ళు ఆమె చేతి కూడు తిన్న నా మీద నాకే అసహ్యం వేసింది. అంతకంటే పెద్ద తప్పు ముందే చేశాను. సంచి సంగతి బావి దగ్గర నలుగురిలో వాగేశాను. అది కళకప్ప చెవిన పడింది.

కళకప్ప వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. "అక్కా, నాకేం పట్టింపు లేదు. గిరాకీలు ఊరుకోరు కదా. తిండి దగ్గర ఇట్లాంటిది... కొన్నాళ్ళు ఆగుదాం."

ఫకీరవ్వ చేతిలోని ముద్ద పీట మీద పెట్టింది. "కళకప్పా, రోజూ మా సందు చివర గోడకి నిలబడి పోసి, చెయ్యి కడక్కుండా వచ్చి నా బుట్టలో పెట్టి రొట్టెలు ఎంచుకుంటావు. పదకొండేళ్ళుగా చూస్తున్నాను, మర్యాదకి నోరు మూసుకున్నాను. నాది సంచిలో ఉంది. నీది ఎక్కడుంది?"

వాడి మొహం నల్లబడింది. మరి మా సందులోకి రాలేదు.

ఆ నెల పరీక్షకి ఆమెతో నేనూ హుబ్బళ్ళి వెళ్ళాను. పుండు చూసిన నర్సమ్మ, బయట బల్ల మీద కూర్చున్న ఒకాయన్ని పిలిచింది. పేరు మాబుసాబ్. పాత హుబ్బళ్ళిలో లేతు మిషను మీద పని. ఏడేళ్ళుగా ఆయనకీ సంచే. చొక్కా పైకెత్తి చూపించి, మళ్ళీ దించుకుని నవ్వాడు.

"ఏం అక్కా, రోతగా ఉందా?"

"చచ్చేంత. నీకు ఎన్నాళ్ళకి పోయింది, అన్నా?"

"పోయిందని ఎవరు చెప్పారు? ఈ పొద్దున కూడా ముక్కు మూసుకునే కడిగాను. వాసన పోతుందని మా ఆవిడ అందులో అత్తరు పోసింది. అత్తరూ అదీ కలిసిందంటే, యా అల్లా, పక్కింటోళ్ళు ఊరు వదిలిపోవాల!"

ఆపరేషను అయ్యాక ఫకీరవ్వ నవ్వడం అదే మొదలు. నవ్వుతూ పొట్ట గట్టిగా పట్టుకుంది.

అప్పుడు అసలు లోపం బయటపడింది. పేగు కొస పట్టేలా సంచికి కత్తిరించుకునే రంధ్రం ఆమె మరీ పెద్దగా కత్తిరిస్తోంది. "బిగుతుగా ఉంటే నొప్పేమో అని," అంది. ఆ సందులోంచి కారి చర్మాన్ని తింటోంది. నర్సమ్మ కొలత గీసిన అట్టముక్క ఇచ్చింది. పొద్దున ఏమీ తినకముందే మార్చుకోవాలనీ, చర్మం పొడిగా ఆరాకే అతికించాలనీ, మూడోవంతు నిండగానే ఖాళీ చెయ్యాలనీ చెప్పింది.

"ఆ నేల మీద కూర్చునే పని మానెయ్యి," అన్నాడు మాబుసాబ్. "నేను నిలబడే చేస్తాను. పొయ్యిని నీ నడుము దగ్గరికి లేపుకో."

అలాగే గట్టు కట్టించుకుంది. పక్క నుంచి గాలి తగిలేలా ఫ్యాను పెట్టించుకుంది. చీర ముడి సంచికి పైన కట్టి, సంచి కదలకుండా బెల్టు బిగించేది. పుండు నెలన్నరకి మానింది. కాని నలభై ఏళ్ళు కూర్చుని తట్టిన చేతులకి నిలబడి తట్టడం లొంగలేదు. అంచులు చిట్లాయి, రొట్టెలు పెనం మీద విరిగాయి. పదిహేను రోజులు కొత్త కోడలి కంటే అధ్వానంగా చేసింది. నేను నవ్వితే అట్లకాడ విసిరింది.

అప్పుడొక రోజు అడక్కుండానే బుట్టలోంచి రొట్టె తీసుకుని ఆమె ఎదురుగానే తిన్నాను. మొదటి ముద్ద గొంతు దిగలేదు. నీళ్ళు తాగి దించాను. రెండోది దిగింది. ఆమె నన్నే చూస్తూ నిలబడింది.

కళకప్ప బేరం తిరిగి రాలేదు. మా సందులోనే నాలుగిళ్ళవాళ్ళు ఆమె దగ్గర కొనడం మానేశారు. అందులో ఒకావిడ ఎదురుపడితే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంటుంది, ఏ వాసనా లేకపోయినా. రైల్వే క్వార్టర్ల వాళ్ళు మాత్రం అంతా తెలిసే కొంటున్నారు. ఇదివరకు చేసినదాంట్లో సగం చేస్తోంది. సగానికే అలసిపోతోంది కూడా.

పనిలో ఉండగా పేగు ఒక్కోసారి గుర్రుమంటుంది. "నోర్ముయ్యి, దరిద్రపుదానా" అని పొట్టనే తిడుతుంది. సంచి బరువెక్కితే పెరట్లోకి వెళ్తుంది. మొహం పక్కకి తిప్పుకుని, వచ్చిన తిట్లన్నీ తిడుతూ ఖాళీ చేసి కడుగుతుంది. తర్వాత మోచేతుల దాకా రెండుసార్లు సబ్బు రుద్దుకుని, వేరే చీర కట్టుకుని వచ్చి, పిండిలో మరిగే నీళ్ళు పోస్తుంది.