నూకయ్య వేలు తెరిచిన గేటు

ఏది ముట్టుకోబోయినా ఎర్రమ్మ ముందు వేళ్లు బూడిదలో అద్దుకునేది. తలుపు తోసే ముందు, కంచంలో చెయ్యి పెట్టే ముందు, మొగుడి నుదురు తాకే ముందు. కొంగు మూలన చిటికెడు బూడిద ఎప్పుడూ ముడివేసి ఉండేది. పలాసలో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్లకి ఆ అలవాటుంది. పిక్క పగిలితే పెంకులోంచి సొన చిమ్ముతుంది. అది చర్మాన్ని కాల్చి పొరలు పొరలుగా ఊడదీస్తుంది. బూడిద దాన్ని కొంత ఆపుతుంది. పెళ్లయిన కొత్త నుంచీ పిక్కల ముందు కూర్చుంటున్న మనిషి ఎర్రమ్మ. ఆమె వేళ్ల కొసలు నల్లబడ్డాయి. వాటిమీద ఒక్క గీత లేదు.

మొగుడు నూకయ్యది కంచిలి వైపు పల్లె. కొబ్బరిచెట్లెక్కేవాడు. కిడ్నీలు పాడయ్యాక చెట్టు దిగాడు, మళ్లీ ఎక్కలేదు. వైద్యానికి రైల్లో విశాఖ తీసుకెళ్లాలి. పల్లె నుంచి స్టేషనుకి చేర్చడానికే ఒక పూట పట్టేది. ప్రభుత్వం కొంత సొమ్ము పెట్టి జీడి కార్మికులకి తక్కువ అద్దెకిచ్చే గదులు పలాస స్టేషనుకి దగ్గర్లో కట్టించింది. అందులో ఒకటి దొరికినప్పుడు ఎర్రమ్మకి ప్రాణం లేచొచ్చింది.

రెండువేల ఎనిమిదిలో ఆ గదుల గేటు దగ్గర వేలిముద్ర యంత్రం పెట్టారు. గదులు తీసుకున్నవాళ్లు వాటిని బయటివాళ్లకి అద్దెకిస్తున్నారని అనుమానం. రోజూ సాయంత్రం వేలు పెట్టాలి. పచ్చదీపం వెలిగితే మనిషి ఇంట్లో ఉన్నట్టు. వరసగా కొన్నాళ్లు వెలగకపోతే గది ఖాళీ అయినట్టు.

ఇప్పుడు ఆ గేటుకి మామూలు తాళమే ఉంది. యంత్రం ఉన్న చోట గోడకి మేకుల కన్నాలు మిగిలాయి. ఎర్రమ్మ గదిలో వేరేవాళ్లున్నారు.

యంత్రం పెట్టిన మొదటి సాయంత్రం ఆమె వేలు పెడితే ఎర్రదీపం వెలిగింది.

“బూడిద తుడుసుకోప్పా,” అన్నాడు కాపలా ఉండే వైకుంఠరావు.

తుడుచుకుంది. ఒకదాని తర్వాత ఒకటి పది వేళ్లూ పెట్టింది. ఎర్రదీపమే.

“రోజూ నీకు అగుపడతన్నాను గదేటి బాబూ?”

“నాకు అగుపడతన్నావప్పా. దానికే అగుపడ్డం లేదు.”

గదుల వ్యవహారం చూసే అధికారి త్రినాథరావు టెక్కలిలో ఉంటాడు. ఎర్రమ్మ, ఆమెలాగే పచ్చదీపం వెలగని ఆడవాళ్లు కొందరు కలిసి వెళ్లి ఆయన ముందు చేతులు చాపారు. ఆయన ఆ చేతుల్ని చాలాసేపు చూశాడు. చెడ్డవాడు కాదు.

“యంత్రం పొరపాటు పడదమ్మా. మీ ఇంట్లో ఇంకెవరి వేలైనా పెట్టించండి,” అన్నాడు.

మిగతావాళ్లకి కొడుకులో కోడళ్లో ఉన్నారు. ఎర్రమ్మకి నూకయ్య ఒక్కడే.

నూకయ్య వేలు పెట్టగానే పచ్చదీపం వెలిగింది. నవ్వాడు.

“ఏటే, ముసిలోడికి గవర్నమెంటు ఉజ్జోగం వొచ్చిందే.”

“జీతమేటి మావా?”

“పడుకోడానికి ఇంత నేల.”

కొన్నాళ్లు తనే నడిచొచ్చాడు. తర్వాత ఆమె భుజం పట్టుకుని వచ్చాడు. ఒంటికి నీరు పట్టి కాళ్లు ఉబ్బాక ఎర్రమ్మ, పక్కగది నూకరత్నం అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొచ్చేవారు. “ఈయాల ఒగ్గేద్దామే,” అనేవాడు. ఆమె కుర్చీ ఎత్తేది. విశాఖలో రెండుసార్లు ఆసుపత్రిలోనే ఉంచమన్నారు. ఎన్నాళ్లో చెప్పలేమన్నారు. రెండుసార్లూ గది పోతుందన్న భయంతో రైలెక్కించి తీసుకొచ్చేసింది.

రెండోసారి తెచ్చాక అతను ఎక్కువ రోజులు బతకలేదు. ఒక మధ్యాహ్నం పోయాడు.

ఆ సాయంత్రం పాడె గేటు దాకా వచ్చింది. ఆడవాళ్లు అక్కడ ఆగిపోవాలి. వైకుంఠరావు ఎర్రమ్మ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

“అప్పా, తప్పనుకోకు. ఓపాలి ఆ వేలు ఎట్టించెయ్. ఇంకొన్నాళ్లు గది నీదే ఉంటాది. నాను ఎవుడికీ సెప్పను.”

“ఇదేం పని బావా!” అన్నాడు వైకుంఠరావుతో, మోసేవాళ్లలో ఒకడు. అయినా పాడెని యంత్రం అందేంత కిందికి దించారు.

ఎర్రమ్మ కొంగుముడి విప్పింది. వేళ్లు బూడిదలో అద్దుకుంది. మొగుడి చెయ్యి అందుకుని వేలు యంత్రం మీద పెట్టింది.

పచ్చదీపం వెలిగింది. నూకయ్య ఇంటికొచ్చినట్టు యంత్రం లెక్కలోకి ఎక్కింది. మోసేవాళ్లు అతన్ని గేటు బయటికి తీసుకుపోయారు.

“పోన్లే వదినా, గది నిలిసింది,” అంది నూకరత్నం, చీకటి పడుతుంటే.

ఎర్రమ్మ గోడకానుకుని కూర్చుంది. “ఆసుపత్రిలో ఉంచీమన్నారే,” అంది.

మర్నాడు పొద్దున్నే ఎర్రమ్మ బయల్దేరింది. నూకరత్నం గుమ్మానికి అడ్డం నిలబడింది.

“పెద్దకర్మయినా అవకుండా గడప దాటతావేటి? ఎదురైనోళ్లు మొకాన ఉమ్మేత్తారు. నువ్వు నోరిప్పితే గది పోద్ది.”

“పోనీ.”

టెక్కలి బస్సులో ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు. త్రినాథరావు ఆఫీసులో ఆమె వేళ్లు బూడిదలో అద్దుకుని, రెండు చేతులూ ఆయన బల్లమీద పెట్టింది.

“బాబూ, నిన్న సాయంత్రం మా మావ నీ మిషన్లో వేలు ఎట్టాడు. అప్పటికే సచ్చిపోయున్నాడు,” అంది.